పేర్ల వరుసలో ఎన్నో పేరు?

మొన్న సంక్రాంతికి పెంటపాడు వెళ్ళినప్పుడు నా చిన్ననాటి స్నేహితురాలు ఒక ప్లాస్టిక్ ఫైలు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఇద్దరం ఈ ఊరి బళ్ళోనే చదువుకున్నాం. తను డాక్టరై ఒక మెడికల్ కాలేజీలో కమ్యూనిటీ మెడిసిన్ చెబుతోంది. నేను సాహిత్యంలో డాక్టరేట్ చేసి డిగ్రీ విద్యార్థులకు తెలుగు చెబుతున్నాను. వాకిట్లో మంచం వాల్చుకుని కూర్చున్నాక ఫైలు విప్పింది. అది తన ప్రమోషన్ దరఖాస్తు.

"చూడవే. పదకొండేళ్ళ సర్వీసు, తొమ్మిది పేపర్లు. తీరా లెక్కేస్తే రెండే మిగిలాయి" అంది.

మిగతా ఏడూ ఏమయ్యాయంటే, నాలుగింట్లో తన పేరు నాలుగో స్థానంలోనో ఆ తర్వాతో ఉంది. రెండు లెక్కలోకి రాని పత్రికల్లో వచ్చాయి. ఒకటి సంపాదకుడికి రాసిన ఉత్తరం, దాన్ని పరిశోధనగా తీసుకోరు. వాటి కింద మరో గడి ఉంది: హెచ్ ఇండెక్స్, 4. అన్నిటికీ చివర ఒక పెద్ద డబ్బా. 'మీ పరిశోధనా కృషిని 200 మాటల్లో వివరించండి' అని.

"అంకెలు నేను రాసుకుంటాలే. ఈ డబ్బాలో ఏం రాయాలో నువ్వు చెప్పు. రాతకోతలు నీ పనేగా" అని ఫైలు నా ఒళ్ళో పెట్టేసింది.

ఆ డబ్బా సంగతి వదిలేసి నేను చాలాసేపు ఆ జాబితానే చదివాను. ఒక రచనని చదవడం అలవాటైన దాన్ని కదా, అది నాకు రచనలాగే కనిపించింది. దానికో కథకుడున్నాడు. కొందరిని ముందు నిలబెడతాడు, కొందరిని వెనక్కి నెడతాడు, కొందరిని అసలు తీసుకురాడు. ఈ వ్యాసం ఆ చదువు నుంచి పుట్టింది.

ముందుగా ఈ కొలత ఎలా జరుగుతుందో చెప్పాలి. ఒక పరిశోధకురాలు పేపరు రాస్తే అందులో తనకి ఆధారమైన పాత పేపర్లను పేర్కొంటుంది. దీన్నే సైటేషన్ అంటారు. ఎవరి పేపర్ని ఎవరు పేర్కొన్నారో పట్టిక వేసే పనిని అమెరికాలో యూజీన్ గార్ఫీల్డ్ పెద్ద ఎత్తున మొదలుపెట్టాడు. ఆయన సైన్స్ సైటేషన్ ఇండెక్స్ 1964 నుంచి అచ్చయింది. పాత పేపరు నుంచి దాని వారసులు ఎటు వెళ్ళారో వెతుక్కోవడానికి అది బాగా పనికొచ్చే సాధనం. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ కూడా పత్రికల ఎంపిక కోసం పుట్టినదే. ఒక పత్రికలో గత రెండేళ్ళలో వచ్చిన పేపర్లని ఈ ఏడాది సగటున ఎన్నిసార్లు పేర్కొన్నారో అది చెబుతుంది. అది పత్రిక గురించిన అంకె. అందులో రాసిన మనిషి గురించి అది చెప్పేదేమీ లేదు. 2005లో హోర్హె హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త మనిషిని కొలవడానికి హెచ్ ఇండెక్స్‌ని ప్రతిపాదించాడు. నా స్నేహితురాలికి 4 అంటే, కనీసం నాలుగేసి సార్లు ఇతరులు పేర్కొన్న పేపర్లు ఆమెకి నాలుగు ఉన్నాయని అర్థం.

ఈ అంకెకి కొన్ని అలవాట్లున్నాయి. అది పెరుగుతుందే గాని తగ్గదు. అందుకని ఆగకుండా సాగిన ఉద్యోగాలంటే దానికి ఇష్టం. పురుటికి, పసిపిల్లకి, మంచాన పడ్డ అత్తగారికి ఇచ్చిన సంవత్సరాలు దానికి ఖాళీగా కనిపిస్తాయి. ఎందుకు పేర్కొన్నారో అది అడగదు. మెచ్చుకుని పేర్కొన్నా, తప్పుపట్టి పేర్కొన్నా ఒకటే. పేర్ల విషయంలో మరీ అమాయకురాలు. నా స్నేహితురాలు పెళ్ళికి ముందు పుట్టింటి ఇంటిపేరుతో మూడు పేపర్లు వేసింది. పెళ్ళయ్యాక కాలేజీ రికార్డుల్లో ఇంటిపేరు మారింది. యంత్రం దృష్టిలో వాళ్ళిద్దరూ వేరువేరు మనుషులు. ఆ మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని ఆ రెండు ఖాతాలనీ కలిపితే 4 కాస్తా 5 అయింది. మగ డాక్టరుకి ఈ కలపడాల శ్రమ ఎప్పుడైనా ఎదురవుతుందా?

మా ప్రాంతంలో కూర్చుని వైద్య పరిశోధన గురించి మాట్లాడుకుంటూ యల్లాప్రగడ సుబ్బారావుని తలుచుకోకుండా ఉండలేం. ఆయన 1895లో భీమవరంలో పుట్టాడు. 2022లో జిల్లాలు విడగొట్టాక మా పెంటపాడు ఉన్న జిల్లాకి ఆ భీమవరమే కేంద్రం. ఆయన కథ మాకు పాఠంగా కాదు, ఫిర్యాదుగా తెలుసు. అంత కనిపెట్టినవాడికి నోబెల్ ఇవ్వలేదు, తెల్లవాళ్ళు పేరు దక్కనివ్వలేదు అని పెద్దవాళ్ళు చెబుతుంటే విని పెరిగాం. ఆ ఫిర్యాదులో నిజముంది. ఎంత నిజముందో కొలత భాషలో చూస్తే ఇంకా స్పష్టమవుతుంది.

ఆయన హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో జర్నల్ ఆఫ్ బయోలాజికల్ కెమిస్ట్రీలో ఒక పేపరు ప్రచురించాడు. శరీర ద్రవాల్లో ఫాస్ఫరస్ ఎంత ఉందో నీలిరంగు గాఢతని బట్టి తేల్చే పద్ధతి అది. ప్రపంచమంతటా ప్రయోగశాలలు దాన్ని వాడుకున్నాయి, వేల సార్లు పేర్కొన్నాయి. 2002లో ఆ పత్రికే తన క్లాసిక్స్ శ్రేణిలో దాన్ని మళ్ళీ గుర్తుచేసుకుంది. కానీ అచ్చులో వచ్చిన ఆ పాత సైటేషన్ ఇండెక్స్ పేర్కొన్న పేపర్లని మొదటి రచయిత పేరు కిందే చూపించేది. అంటే పుటలు తిరగేసేవాళ్ళకి ఆ వేల సైటేషన్లూ ఫిస్క్ ఖాతాలో కనబడతాయి. సుబ్బారావు రెండో పేరు.

1929లో వాళ్ళిద్దరూ ఏటీపీని గుర్తించారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా గుర్తించాడు. జీవకణాల్లో శక్తి చేతులు మారేది దాని ద్వారానే. ఇవాళ బడిపిల్లలు కూడా ఏటీపీ అంటారు. అలా అనేటప్పుడు ఎవరూ 1929 పేపర్ని పేర్కొనరు. ఒక జ్ఞానం అందరి సొత్తయిపోయాక దాని మూలం చెప్పడం మానేస్తారు. రాబర్ట్ మెర్టన్ అనే సామాజిక శాస్త్రవేత్త దీన్ని గుర్తించి పేరు కూడా పెట్టాడు. అంటే బాగా ఇంకిపోయిన పని కొలతకి అందదు. పద్ధతులు చెప్పే పేపర్లని మాత్రం వాడినప్పుడల్లా పేర్కొంటూ ఉంటారు. లోకంలో అత్యధిక సైటేషన్లున్న పేపరుగా పేరుపడిన 1951 నాటి లౌరీ పేపరు ప్రోటీన్లని కొలిచే పద్ధతే.

1940లో సుబ్బారావు హార్వర్డ్ వదిలి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ పరిశోధనాశాలకి వెళ్ళాడు. ఫోలిక్ ఆమ్లం తయారీకి ఆయనే సారథి. దాని నిర్మాణాన్నీ తయారీనీ వివరిస్తూ 1946లో సైన్స్ పత్రికలో వచ్చిన పేపరుకి పదహారుమంది రచయితలు. ఒక సంస్థ వాళ్ళ ఎనిమిది పేర్లు ముందు అక్షరక్రమంలో ఉన్నాయి, తర్వాత రెండో సంస్థ వాళ్ళ ఎనిమిదీ మళ్ళీ అక్షరక్రమంలో ఉన్నాయి. మొదటి పేరు ఏంజియర్. ఆ పేరు మొదటి అక్షరంతో మొదలైంది కాబట్టి మొదటిదైంది. సుబ్బారావు ఏడో పేరు. ఇవాళ మన మెడికల్ కాలేజీల నిబంధనలు తెచ్చి దాని మీద పెడితే ఏం మిగులుతుంది? 2015లో భారత వైద్య మండలి మొదటి, రెండో రచయితలకే లెక్క అంది. 2020 సవరణలో మొదటి మూడు పేర్లు, లేదా ఉత్తరప్రత్యుత్తరాల బాధ్యత తీసుకున్న రచయిత అంది. ఎటు చూసినా ఏడో పేరుకి దక్కేది సున్నా.

ఈ మాట చెబితే నా స్నేహితురాలు పకపకా నవ్వింది. "అయితే ఆయన్నీ ప్రొఫెసర్ని చెయ్యరన్నమాట" అంది.

ఆ నవ్వు దగ్గరే నాకు ఒక అనుమానం మొదలైంది. సుబ్బారావుకి అన్యాయం చేసిన లెక్క తప్పని మనకింత బాగా తెలిసినప్పుడు, అదే లెక్క మిగతావాళ్ళకి చేసింది మనకెందుకు కనిపించలేదు?

ఆ పదహారు పేర్ల జాబితాని కిందకంటా చదవండి. తొమ్మిదో పేరు కోసులిచ్ డి.బి., పద్నాలుగో పేరు సీగర్ డి.ఆర్. పొడి అక్షరాల వెనక ఎవరున్నారో తెలియదు. 1949లో అమెరికన్ కెమికల్ సొసైటీ పత్రికలో, ల్యుకేమియా పిల్లల చికిత్సలో చరిత్ర సృష్టించిన ఫోలిక్ ఆమ్ల వ్యతిరేకుల మీద వచ్చిన పేపర్లో అవే పేర్లు పూర్తిగా ఉన్నాయి. డోరిస్ సీగర్ మొదటి పేరు, డోనా కోసులిచ్ రెండో పేరు. ఇద్దరూ స్త్రీలు. మెథోట్రెక్సేట్ మందు ఆ రసాయనాల కుటుంబంలోదే. ఇవాళ కీళ్ళవాతానికి మన ఊళ్ళ మందుల షాపుల్లో కూడా దొరుకుతుంది. నేను చిన్నప్పటి నుంచి విన్న సుబ్బారావు కథల్లో ఈ ఇద్దరి పేర్లూ ఎప్పుడూ వినలేదు.

ఇంకా వెనక్కి వెళితే లూసీ విల్స్ ఉంది. ఇంగ్లండు డాక్టరు. 1928లో బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులు ఒక విచిత్రమైన రక్తహీనతతో ఎందుకు చనిపోతున్నారో వెతికింది. వాళ్ళేం తింటున్నారో చూసింది. చవకగా దొరికే ఈస్ట్ సారం మార్మైట్ ఇస్తే వాళ్ళు కోలుకుంటున్నారని 1931లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాసింది. మద్రాసు గోషా ఆసుపత్రిలో కూడా పనిచేసింది. అందులో ఉన్న ఆ తెలియని పదార్థాన్ని కొన్నాళ్ళు విల్స్ ఫ్యాక్టర్ అన్నారు. 1941లో అమెరికాలో నాలుగు టన్నుల పాలకూర నుంచి దాన్ని వేరుచేసినవాళ్ళు, ఆకు అనే అర్థమున్న లాటిన్ మాటతో ఫోలిక్ ఆమ్లం అని పేరుపెట్టారు. విల్స్‌కి వరుసలో స్థానం సమస్య కాలేదు. తన పేపరుకి తనొక్కతే రచయిత్రి. అయినా పేరు మారడంతో ఆమె వాడుకలోంచి జారిపోయింది. ఇక ఆ మిల్లు కూలి స్త్రీలు? రోగుల పేర్లు బయటపెట్టకపోవడం వైద్యంలో మర్యాదే, కాదనను. కాని వాళ్ళ శరీరాలే ఆ పేపరుకి మూలగ్రంథం అన్నది మర్చిపోకూడదు.

సుబ్బారావు ఇంట్లోని స్త్రీలనీ మన కథలు ఒకేరకంగా చెబుతాయి. తల్లి వెంకమ్మ నగలు అమ్మి చదివించిందంటారు. భార్య శేషగిరిని ఇక్కడ వదిలి సముద్రం దాటినవాడు మళ్ళీ రాలేదు. 1948లో అక్కడే చనిపోయాడు. తల్లి నగలు త్యాగం, భార్య నిరీక్షణ కర్మ, ఆయన పని మాత్రం కృషి. ఈ మూడు మాటల్నీ మూడు చోట్ల పెట్టింది సైటేషన్ ఇండెక్స్ కాదు, మనమే.

సాహిత్యంలో ఈ లెక్క నాకు కొత్తేం కాదు. నా పరిశోధన తొలినాటి స్త్రీల పత్రికల మీద. మా పక్క ఏలూరు నుంచే 1902లో సత్తిరాజు సీతారామయ్య హిందూసుందరి ప్రారంభించాడు. అదే ఏడాది అందులో భండారు అచ్చమాంబ కథ 'ధనత్రయోదశి' వచ్చింది. మరి మనం బళ్ళో నేర్చుకున్న మొదటి తెలుగు కథ ఏది? గురజాడ 'దిద్దుబాటు', 1910. దిద్దుబాటు గొప్పతనం మీద నాకేం పేచీ లేదు. కాని మొదటిది ఎంచేటప్పుడు ఎవరికి వారు ముందే కొలబద్ద పెట్టుకున్నారు: ఆధునికమైన శిల్పం ఉండాలి, వాడుకభాష ఉండాలి అని. కొలబద్ద ఎవరి కథని చూసి తయారైందో ఆ కథే మొదటిదవుతుంది. స్త్రీవాద విమర్శకులు దశాబ్దాలపాటు వాదించాక గాని అచ్చమాంబ పేరు ఆ చర్చలోకి రాలేదు. అంతవరకు ఆమె కొమర్రాజు లక్ష్మణరావు అక్కగారు. స్త్రీల చరిత్రలు సేకరించి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' కూర్చిన మనిషికి చరిత్రలో దక్కిన స్థానం, తమ్ముడి పేరు పక్కన ఒక బంధుత్వం.

సైన్సులో స్త్రీల పనిని పక్కనున్న మగవాళ్ళ ఖాతాలో వేయడాన్ని చరిత్రకారిణి మార్గరెట్ రాసిటర్ 1993లో మటిల్డా ఎఫెక్ట్ అని పిలిచింది. ఈ సంగతిని పందొమ్మిదో శతాబ్దంలోనే రాసిన అమెరికన్ స్త్రీ హక్కుల రచయిత్రి మటిల్డా గేజ్ పేరు మీద. అంతకుముందు 1968లో మెర్టన్, పేరున్నవాళ్ళకే ఇంకా పేరొస్తుందని మాథ్యూ ఎఫెక్ట్ అన్నాడు. ఆ సిద్ధాంతానికి ఆధారం హారియట్ జుకర్‌మన్ నోబెల్ శాస్త్రవేత్తలతో జరిపిన ఇంటర్వ్యూలు. పేపరు మాత్రం మెర్టన్ ఒక్కడి పేరుతో వచ్చింది. తర్వాత ఆయనే, అది ఇద్దరి పేర్లతో రావలసిందని ఒప్పుకున్నాడు. కీర్తి పంపకంలో అన్యాయం గురించిన పేపర్లోనే ఆ అన్యాయం జరిగిపోయింది! తెలిసినవాళ్ళ చేతుల్లోనే అది ఎంత అలవోకగా జరుగుతుందో చూడండి.

ఇదంతా నేను ఆవేశంగా చెబుతుంటే నా స్నేహితురాలు అడ్డం పడింది. "నువ్వు చెప్పింది బానే ఉంది. కాని అంకెలు తీసేస్తే ఏముంటుంది చెప్పు? మా పైవాళ్ళ దయ ఉంటుంది. వాళ్ళ కులంవాడో, వాళ్ళ గుంపువాడో ముందుకెళ్తాడు. రాత్రిళ్ళు వాళ్ళతో కూర్చుని కబుర్లు చెప్పేవాడు వెళ్తాడు. ఈ 5 అయినా నాది. దీన్ని ఎవరూ నాకు దయగా ఇవ్వలేదు."

దీనికి నా దగ్గర వెంటనే సమాధానం లేకపోయింది. ఆ మాటలో బరువుంది. ఏ అండా లేని ఆడపిల్లకి, దళిత స్కాలర్‌కి అంకె ఒక్కోసారి గొడుగవుతుంది. నేను ఉద్యోగంలో చేరినప్పుడు నన్ను కాపాడినవీ మార్కులే. అందుకే అంకెలు తీసెయ్యమని నేను అనను. వాటిని చదవమంటాను. చదవకుండా కూడేస్తే గొడుగే గోడవుతుంది.

నా దరఖాస్తులోనూ అదే గోడ ఉంది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం మానవీయ శాస్త్రాల్లో ఒక పేపరుకి 10 మార్కులు. ఇద్దరికంటే ఎక్కువమంది రాస్తే ముఖ్య రచయితకి అందులో 70 శాతం, మిగతావాళ్ళకి తలా 30 శాతం. పత్రికల కోసం 2018 చివర్లో ప్రకటించిన కేర్ జాబితాని 2025లో ఆపేసి, ఎంచుకునే బాధ్యతని సంస్థలకే వదిలారు. జాబితా పోయింది గాని జాబితా బుద్ధి పోలేదు. స్త్రీల పత్రికల్లో నేను రాసిన వ్యాసాలకి, ఎక్కడెక్కడి నుంచో చదువరులు ఫోన్లు చేసి తమ అమ్మమ్మల కథలు చెప్పుకునేలా చేసిన వ్యాసాలకి, నా ఫారంలో గడి లేదు. ఎవరూ చదవని ఇంగ్లీషు పేపర్లు రెండింటికి ఉంది.

మేమిలా వాదించుకుంటుంటే లోపల్నుంచి పిన్ని వచ్చింది. పిన్ని అంటే నా స్నేహితురాలి తల్లి. ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ముప్పై ఏళ్ళకి పైగా ఏఎన్ఎంగా చేసి రిటైరైంది. ఇప్పటికీ అందరూ నర్సమ్మగారూ అనే పిలుస్తారు. అరిసెల పళ్ళెం మంచం మీద పెట్టి తనూ కూర్చుంది.

సుబ్బారావు పనికి ఈ జిల్లాలో నిజమైన సైటేషన్ ఏదైనా ఉంటే అది పిన్ని చేతి సంచీ. 1947లో లెడర్లీలో ఆయన బృందం బోదకాలు మీద పనిచేసే హెట్రజాన్ మందుని బయటపెట్టింది. ఆ పేపర్లో ఆయనది ఆరో పేరు, చివరిది. దాన్నే ఇవాళ డీఈసీ అంటున్నాం. బోదకాళ్ళు మా గోదావరి డెల్టాకి తరాల శాపం. 2004లో దేశమంతా సామూహికంగా ఈ మాత్రలు మింగించడం మొదలుపెట్టినప్పుడు, పెద్దవాళ్ళకి మూడు, బడి పిల్లలకి రెండు చొప్పున, చేతికిచ్చి వెళ్ళిపోకుండా ఎదురుగా నిలబడి మింగించింది పిన్నిలాంటి వాళ్ళే. 1970 నుంచి నడుస్తున్న రక్తహీనత నివారణ పథకంలో గర్భిణులకి ఐరనుతో కలిపి ఇచ్చే ఫోలిక్ ఆమ్లం మాత్ర కూడా అదే సంచీలో ఉండేది. విల్స్, సీగర్, కోసులిచ్, సుబ్బారావు అందరూ ఆ సంచీలో ఉన్నారు. ఏ ఇండెక్సూ ఆ సంచీని లెక్కపెట్టలేదు.

చాలా ఏళ్ళ కిందట ఒక నగరం నుంచి పరిశోధన బృందం వచ్చి పిన్ని దగ్గర గర్భిణుల రిజిస్టర్లు తీసుకుంది. ఎవరికి రక్తం ఎంతుంది, ఎన్ని మాత్రలిచ్చారు, కాన్పు ఎలా జరిగింది, అన్నీ ఆవిడ చేతిరాతలో ఉన్నవే. ఏడాదిపాటు వాళ్ళకోసం ఇళ్ళకి తిరిగి మళ్ళీ రక్తపరీక్షలు చేయించింది. పేపరు అచ్చయింది. నా స్నేహితురాలు తన పని కోసం వెతుకుతూ దాన్ని చూసింది. చివర్లో 'స్థానిక ఆరోగ్య సిబ్బంది సహకారానికి కృతజ్ఞతలు' అని ఒక వాక్యం ఉంది.

అది చెబితే పిన్ని బాధపడుతుందనుకున్నాను. ఆవిడ వేరే ప్రశ్న వేసింది. "పేరుదేముందిలే అమ్మాయ్. మాత్రలేసుకుంటే కడుపులో తిప్పుతోందని, దొడ్డికి నల్లగా అవుతోందని భయపడి సగం మంది పారబోసేవాళ్ళు. నేను రిజిస్టర్లో పక్కన పెన్సిల్‌తో రాసుకునేదాన్ని. పొద్దున కాకుండా రాత్రి అన్నం తిన్నాక వేసుకోమంటే చాలామంది మానకుండా వేసుకున్నారు. అదేమైనా రాశారా?"

నా స్నేహితురాలు ఫోన్లో ఆ పేపరు తీసి చూసింది. రాయలేదు. మాత్రలు ఎన్ని ఇచ్చారన్నదే ఉంది. ఎన్ని మింగారన్నది లేదు. రక్తం ఆశించినంత పెరగలేదని, దానికి కారణాలు ఇంకా పరిశీలించాలని ముగించారు. కారణం పిన్ని పెన్సిల్ రాతలో ఉంది.

నాకు అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్ళూ నేను పేర్ల వరుసని కీర్తి పంపకంగానే చూశాను. ఎవరి పేరు లేదో వాళ్ళ ప్రశ్న కూడా అక్కడ ఉండదు. సుబ్బారావు విషయంలోనూ జరిగింది అదే. ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాలని ఫిస్క్ బయటకి రానివ్వలేదని, తర్వాత ఇతరులు వాటిని మళ్ళీ కనిపెట్టాల్సి వచ్చిందని జార్జ్ హిచింగ్స్ చెప్పినట్టు ఆయన జీవితచరిత్రకారులు రాశారు. హిచింగ్స్ 1988లో నోబెల్‌ని గెర్ట్రూడ్ ఎలియన్‌తో పంచుకున్నాడు. డాక్టరేట్ లేని, ఆడపిల్లని ప్రయోగశాలలు ఉద్యోగం ఇవ్వక తిప్పి పంపిన ఎలియన్‌తో. అచ్చమాంబని పక్కన పెట్టినప్పుడు పోయింది ఒక పేరు మాత్రమే కాదు. సంపాదన గురించి, తప్పొప్పుల గురించి ఇంట్లో భార్య భర్తని నిలబెట్టి మాట్లాడగలదన్న తొలి ఊహని మన కథాచరిత్ర తన ఆరంభంలోంచి తీసేసుకుంది.

నియమాలు అడ్డమా అంటే, పూర్తిగా కాదు. వైద్యపత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘం చెప్పేదాని ప్రకారం రచయిత కావాలంటే పరిశోధనలో గణనీయమైన పాలు ఉండాలి. అందులో సమాచార సేకరణ కూడా వస్తుంది. దాంతోపాటు రాతలో భాగం ఉండాలి, చివరి ప్రతికి ఆమోదం తెలపాలి, బాధ్యత వహించాలి. ఇంగ్లీషు రాని ఏఎన్ఎం రెండో మెట్టు దగ్గరే ఆగిపోతుంది. కాని అదే నియమం ఇంకో మాటా అంటుంది: మొదటి అర్హత ఉన్నవాళ్ళందరికీ రాతలో, సవరణలో పాల్గొనే అవకాశం ఇవ్వాలని. ఆ అవకాశం పిన్నికి ఎవరూ ఇవ్వలేదు. ఆ రాతప్రతిని ఒక సాయంత్రం ఆవిడకి తెలుగులో చదివి వినిపించి ఉంటే పెన్సిల్ రాత పేపర్లోకి వచ్చేది.

"నా పేపర్లలోనూ చివర ఆ వాక్యమే ఉంది" అంది నా స్నేహితురాలు మెల్లగా. నా సిద్ధాంతగ్రంథంలో కూడా ఉంది. పాత పత్రికల కట్టలు దుమ్ము దులిపి తెచ్చిచ్చిన గ్రంథాలయ ఉద్యోగినికి ఒక వాక్యం, నా పిల్లని చూసుకున్న అమ్మకి సగం వాక్యం. ఏ కట్టలో ఏముందో ఆ ఉద్యోగినికే తెలుసు. ఆమె తెచ్చిన కట్టలే నేను చదివాను. అంటే నా పరిశోధన హద్దులు గీసిన మనిషి ఆమె. ఆ మాట నేను ఎక్కడా రాయలేదు.

ఆ రాత్రి డబ్బాలోని 200 మాటలు రాశాం. ఏ పేపరు ఏ ప్రశ్నతో మొదలైంది, అందులో తను స్వయంగా చేసిందేమిటి, నాలుగో పేరుగా ఉన్న పేపర్లలో ఏ గణన తనది, ఆగిన రెండేళ్ళు ఎందుకు ఆగాయి, ఏ పరిశీలన ఏ నర్సమ్మ దగ్గర్నుంచి వచ్చింది అన్నీ. 5 అంకె కూడా ఉంచాం, రెండు ఇంటిపేర్లూ ఒకే మనిషివని రుజువు జతచేసి. ఎంపిక సంఘం ఆ డబ్బాని చదువుతుందో లేదో చెప్పలేం. తర్వాతి పేపరు పంపేముందు మాత్రం ఏఎన్ఎంలని కూర్చోబెట్టి తెలుగులో చదివి వినిపిస్తానని, వాళ్ళు దిద్దిన మేరకు పేర్లు చేరుస్తానని తను అంది. పేర్ల వరుస పెరిగితే తన వాటా మార్కులు తగ్గుతాయని తనకి తెలుసు.

ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామంది రేపు ఎంపిక సంఘాల్లో, సిద్ధాంతగ్రంథాల పరీక్షకులుగా, సంకలనాల సంపాదకులుగా కూర్చునేవాళ్ళే. మీ ముందుకు జాబితా వచ్చినప్పుడు కూడిక చేసే ముందు ఒక్క పేపరైనా పూర్తిగా చదవండి. వరుస ఎలా వచ్చిందో అడగండి. చివరనున్న కృతజ్ఞతల వాక్యాన్ని మొదట చదవండి. అక్కడ పేర్లు లేని 'సిబ్బంది' కనబడితే, వాళ్ళకి తెలిసి మనకి తెలియకుండా పోయింది ఏమిటో అడగండి.

పిన్ని ఆ పాత రిజిస్టర్లలో ఒకటి దాచుకుంది. తిరుగు ప్రయాణంలో దాన్ని నాతో తెచ్చుకున్నాను. పెన్సిల్ రాత చెరిగిపోకముందే ఎత్తి రాయాలి.